ఆ ఫైలు నీ చేతికి రావాలి చెల్లీ

చిన్నప్పుడు నీకేం జబ్బు చేసిందని అడిగితే "బ్లడ్ కేన్సర్, తగ్గిపోయింది" అంటావు. మరి ఏ మందులెక్కించారు? మొత్తం ఎంత డోసు? తలకి రేడియేషన్ ఇచ్చారా? తెల్లమొహం వేస్తావు. వెయ్యకేం చేస్తావులే, పెద్దయ్యేదాకా నా సంగతీ అంతే.

మా ఇంట్లో ఆ ఊసే ఎత్తేవారు కాదు. కీమోకి నా జుట్టంతా రాలిపోతే ఇరుగుపొరుగుకి తిరుపతి మొక్కని చెప్పారు. పూర్తిగా మొలవకముందే మళ్లీ ఊడింది. "మళ్లీ గుండేమిటి వదినా?" అని ఎదురింటావిడ ఆరా తీస్తే, "ఇది యాదగిరిగుట్ట మొక్కు" అందట అమ్మ! ఇప్పుడు నవ్వుకుంటాం గానీ అమ్మ భయం అమ్మది. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి. గండం గడిచింది కదా అని ఫైలు అటకెక్కించేసింది.

ఇదే నాకు నచ్చదు. ఎర్రగా ఉండే మందొకటి ఎక్కించేవారు, గుర్తుందా? తర్వాత ఒంటేలు ఎర్రగా వస్తే హడలిపోయేవాళ్లం. అది డాక్సోరూబిసినో, డానోరూబిసినో అయ్యుంటుంది. కేన్సర్‌ని చంపేదీ అదే, ఎక్కువ మోతాదులో పడితే ఎన్నో ఏళ్ల తర్వాత గుండె కండరాన్ని బలహీనపరచగలిగేదీ అదే. కడుపుతో ఉన్నప్పుడు గుండెకి పని పెరుగుతుంది. అందుకే ఆ మందు పడిన అమ్మాయి నెల తప్పకముందే ఎకో తీయించుకోవాలి. మరి ఆ మందు పడిందన్న సంగతే తెలియకపోతే గైనకాలజిస్టుకి ఏం చెబుతావు? సిస్‌ప్లాటిన్ పడినవాళ్లు వినికిడి, తలకి రేడియేషన్ తీసుకున్నవాళ్లు థైరాయిడ్ చూపించుకోవాలి.

ఈ జాగ్రత్తలు మొదట్నుంచీ ఎవరూ ఎందుకు చెప్పలేదంటావా? 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకేన్సర్ పిల్లలకి అమినోప్టెరిన్ ఇచ్చి, జబ్బుని కొంతకాలమైనా వెనక్కి నెట్టాడు. ఆ మందు తయారైంది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో. నీకు వెన్నులో సూదితో వేసిన మెథోట్రెక్సేట్ దానికి చెల్లెలే. కానీ అప్పటి పిల్లలకి ఆ ఊరట కొన్ని నెలలే. పెద్దయ్యాక ఎలా ఉంటారన్న ప్రశ్న మనలా బతికి బట్టకట్టినవాళ్లు పెరిగాకే వచ్చింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మనలాంటివాళ్ల కోసమే 1991లో క్లినిక్ పెట్టారు.

ఇక పెళ్లి మాట. దాచి చేసుకోవద్దు, తర్వాత రోజూ భయపడి చావాలి. అబ్బాయికి నువ్వే చెప్పు, నీ నోటితో. అది అంటుకునేది కాదని చెప్పు. రక్తకేన్సర్ నుంచి బయటపడ్డవాళ్లలో చాలామందికి పిల్లలు పుడతారనీ, ఆ పిల్లలకి అదే జబ్బు వస్తుందన్న భయం అక్కర్లేదనీ చెప్పు. రెటినోబ్లాస్టోమా అనే కంటి కేన్సర్ లాంటి కొన్నింటికి మాత్రం వంశపారంపర్యం ఉండొచ్చు, వాళ్లు ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లాలి. అంతా విన్నాక జారుకునేవాడు జారుకోనీ, పీడా పోయింది.

మీ అమ్మనడిగి ఫైలు దించు. ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకో. చెదలు తినేశాయా? వైద్యం చేసిన ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగానికి వెళ్లి, నీ పేరు, చేరిన సంవత్సరం చెప్పి సమ్మరీ కావాలని అడుగు. పాత కాగితాలు వాళ్లూ కలకాలం ఉంచరు, తొందరపడు.