మట్టి పనంటే అంత చిన్నచూపా?

"డిప్లొమా సివిల్ చేసి మట్టి పరీక్షలు చేస్తానంటున్నాడండీ. బంధువులకు ఏమని చెప్పుకోను?" అన్నారు మొన్న ఒక తండ్రి. పది పాసైన కొడుకు పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకు కావలసింది కంప్యూటర్ సైన్స్. మాటల్లో తెలిసింది, వాళ్ల ఇల్లు నల్లరేగడిలో ఉందట, గోడలకు ఏటా బీటలేనట. పునాది తీసేముందు మట్టి పరీక్ష చేయించారా అంటే, "మేస్త్రీ చూశాడు" అన్నారు.

నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. మామూలు పునాది దానికి ఆగదు. అలాంటి నేలలకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్‌ను రూపొందించింది. ఎక్కడ ఏ పునాది వేయాలో చెప్పేది మేస్త్రీ కన్ను కాదు, బోరు గుంత. ఆ గుంతలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 దిగడానికి పడిన దెబ్బలు లెక్కిస్తారు. అదే 'ఎన్ వాల్యూ'. ఆ అంకె తప్పితే పైన గీసిన డిజైన్ అంతా తప్పే.

ఈ మట్టి, పునాదుల పనికి, అంటే జియోటెక్నికల్ ఇంజినీరింగ్‌కు, దారి మామూలే: పాలీసెట్, మూడేళ్ల డిప్లొమా, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడు. చేత్తో పని నేర్పుతుంది కాబట్టి నా ఓటు డిప్లొమాకే.

అసలు జాగ్రత్త తర్వాత కావాలి. బోరు వేయకుండానే పక్క స్థలం రిపోర్టులో పేరు మార్చి ఇచ్చే ల్యాబ్‌లున్నాయి. జీతం ఎంతిచ్చినా అక్కడ చేరొద్దు, రేపు గోడ పగిలితే సంతకం మీదే. "జియోటెక్ సాఫ్ట్‌వేర్ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తాం" అని వేలు గుంజేవాళ్లు ఇంకొందరు. బోరు దగ్గర ఆరు నెలలు నిలబడనివాడికి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ అంకె కొట్టాలో ఎలా తెలుస్తుంది? ఇక డొనేషన్ కట్టి ఎంటెక్ చదివించడమంటే నాకు ఒళ్లు మండుతుంది. గేట్ స్కోరు తెచ్చుకుంటే వరంగల్ ఎన్‌ఐటీలో జియోటెక్నికల్ ఎంటెక్ ఉంది, నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ కూడా వస్తుంది.

మొదట్లో జీతం తక్కువే. ఎండ, దుమ్ము, ఊళ్లు తిరగడం తప్పవు. పక్కింటి సాఫ్ట్‌వేర్ కుర్రాడితో రోజూ పోలిస్తే ఏ పిల్లాడూ నిలబడడు, ఆ పని మానండి.

పాలీసెట్ కౌన్సెలింగ్‌కు ముందు అబ్బాయినో అమ్మాయినో ఒక రోజు బోరు వేసే చోటికి పంపండి. సాయంత్రం ఇంటికొచ్చాక మీరేమీ అనకుండా, వాళ్లు చెప్పేది వినండి.