వీలునామా: నమూనాలో చెప్పని సంగతి
పాఠ్యభాగము: యిర్మీయా 32:6–15

యిర్మీయా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, క్రయపత్రము వ్రాసి, సాక్షులచే సంతకము చేయించి, బారూకుచేత మట్టికుండలో భద్రపరపించెను. పత్రములు సరిచూచుకొనుట అవిశ్వాసము కాదని దీనివలన నేర్చుకొందుము.

ప్రియులారా, అచ్చు నమూనా చూచి వీలునామా మనమే వ్రాసికొనవచ్చును. అయితే ఖాళీలు నింపినంత మాత్రమున చాలదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము క్రైస్తవులు గమనింపవలసినవి:

1. ఇద్దరు సాక్షులు మీరు సంతకము చేయుట చూచి, మీ యెదుటనే తామును సంతకము చేయవలెను.

2. ఆస్తి పొందువారు గాని, వారి భార్య లేక భర్త గాని సాక్షులుగా ఉండరాదు. ఉన్నచో వీలునామా నిలుచును గాని వారికి వ్రాసిన భాగము చెల్లదు. దగ్గర నున్నదని కోడలిచేత సాక్షి సంతకము చేయించినచో, కుమారునికి వ్రాసిన ఇల్లు ఆ వీలునామా వలన అతనికి రాదు. కావున ఆస్తితో సంబంధము లేని ఇద్దరిని పిలువుడి.

3. తరువాత వివాహము చేసికొన్నచో వీలునామా రద్దగును, మరల వ్రాయవలెను.

స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని మేలు. చదువరాని కన్నడ, తమిళ నమూనాపై సంతకము చేయకుడి. తెలుగులో వ్రాసినను చెల్లును.

ఆలోచించుడి: మీ పత్రమున్న "మట్టికుండ" ఎక్కడనో ఇంటివారికి తెలియునా?