దెబ్బ తగిలిన ఓడకు దూది పొగ

పెద్దతిప్పసముద్రంలో పుట్టి సముద్రం మొహం చూడని పిల్లోడు నీలం గుడ్డ పరిచి, అట్ట ఓడలు పెట్టుకుని గంటలకొద్దీ యుద్ధం ఆడుతుంటే మనకు దిగులు పుట్టదా? పుడుతుంది. చదువు ఏమైపోతుందో, మనసు మొరటుబారుతుందేమో అనిపిస్తుంది.

ఒకసారి వాడి పక్కన కూర్చుందాం రండి. ఓడల కన్నా, ఆటలో ఏం జరిగిందో చూపే గుర్తుల తయారీకే వాడికి ఎక్కువసేపు పడుతుంది. చిటికెడు దూది సాగదీసి, కొనకు బొగ్గుపొడి అద్దితే పొగ. అగ్గిపుల్లకు తెల్లదారం అంటిస్తే నురగ చిమ్ముకుంటూ పోయే టార్పెడో. చింతగింజను ఒకవైపు తెల్లబడేదాకా బండమీద అరగదీస్తాడు. నల్లవైపు పైకుంటే నీళ్లలో దాగిన సబ్‌మెరైన్, తిప్పితే దొరికిపోయినట్టు. అష్టాచెమ్మాకు మనం అరగదీసిన గింజలే కదా!

పెద్దవాళ్లూ ఇలా ఆడారు. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో బ్రిటిష్ నౌకాదళ అధికారి గిల్బర్ట్ రాబర్ట్స్ నేలమీద చిన్న ఓడలు పెట్టించి, సుద్దముక్కతో దారులు గీయించి, జర్మన్ సబ్‌మెరైన్లను ఎదుర్కొనే ఎత్తులు తోటి అధికారులకు నేర్పించాడు.

అయితే ఆటతో మార్కులు వాటంతటవే రావు. చదువుకు వేళ పెట్టాల్సిందే, ఆ వేళకు ఆట ఆపించాల్సిందే.

నన్ను ఆలోచింపజేసేది మాత్రం ఇంకొకటి. తన ఓడకు దెబ్బ తగిలితే దూది పొగ పెట్టేది వాడే, ఎవరూ అడగకముందే. అదే పిల్లోడు స్లిప్ టెస్టులో మార్కులు తగ్గితే ఆ కాగితం పుస్తకం అట్టలో దాచేస్తాడు. ఆటలో దెబ్బ తిన్నవాణ్ని ఎవరూ తిట్టరు. ఇక ఓడను ఎటు తిప్పాలన్నదే వాడి ధ్యాస. ఇంట్లో మనం ముందు అరుస్తాం, తర్వాత అడుగుతాం. ప్రేమ లేక కాదు, భయంకొద్దీ. వాడికి వినబడేది మాత్రం కోపమే.

మొరటుతనం గురించి భయముంటే, ఆట ఆపకుండానే "ఆ ఓడలో మనుషులు ఏమయ్యారు నాయనా?" అని అడగండి. 1971 యుద్ధంలో విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగితే లోపలివాళ్లు ఒక్కరూ బతకలేదని చెప్పండి. వీలైతే విశాఖ బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కురుసురా సబ్‌మెరైన్ ఎక్కించి, లోపలి ఇరుకు చూపించండి.

గుర్తులు కొనివ్వకండి, చేసుకోనివ్వండి. బ్లేడు, వేడి జిగురు పట్టినప్పుడు మాత్రం పక్కనే ఉండండి. అన్నం వేళకు ఆట సగంలో ఉంటే అన్నీ ఊడ్చి డబ్బాలో పోయకండి. గుడ్డ కింద ముందే ఒక ప్లైవుడ్ చెక్క వేయించండి. ఉన్నవి ఉన్నట్టే మంచం కిందికి తోసి, ఆదివారం మళ్లీ బయటికి లాక్కోవచ్చు.