సెబీకి సమాచారమిచ్చేవారికి ప్రతిఫలం: అర్హత ఎప్పుడు?

సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణమనగానే, తారుమారు చేశానని ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకుంటూ రాసిన 2009 జనవరి 7 నాటి లేఖ గుర్తొస్తుంది. అయితే 2008 డిసెంబరులోనే కంపెనీ స్వతంత్ర డైరెక్టర్లలో ఒకరికి అక్రమాలను వివరిస్తూ అజ్ఞాత ఈమెయిల్ అందిందన్నది అంతకన్నా గమనించదగిన విషయం. అప్పట్లో అలాంటి సమాచారానికి మన స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ప్రతిఫలమిచ్చే నిబంధనే లేదు.

సెబీ నిబంధనలకు చేసి 2019 డిసెంబరు 26న అమల్లోకి తెచ్చిన సవరణ ప్రకారం, ఇన్‌సైడర్ ట్రేడింగ్ గురించి, అంటే షేరు ధరను ప్రభావితం చేయగల బహిర్గతం కాని సమాచారాన్ని ఆసరా చేసుకుని సాగించే లావాదేవీల గురించి, ఒక వ్యక్తి నిర్దేశిత ఫారంలో స్వచ్ఛందంగా తెలిపినది సెబీకి అంతకుముందు తెలియనిదై, నిర్దిష్టంగా, నమ్మదగినదిగా ఉండి, దాని ఫలితంగా కనీసం రూ.1 కోటి అక్రమార్జనను కక్కించే ఉత్తర్వు వెలువడితేనే అర్హత లభిస్తుంది. పత్రికల్లో వచ్చిన కథనాన్నే తిరగరాసి పంపితే చెల్లదు. ప్రతిఫలం వసూలైన సొమ్ములో 10 శాతం. దాని గరిష్ఠ పరిమితి 2021లో రూ.1 కోటి నుంచి రూ.10 కోట్లకు పెరిగింది.

దీంతో పోలిస్తే, అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, సెక్యూరిటీల చట్టాల ఉల్లంఘన ఏదైనా, విధించిన మొత్తం 10 లక్షల డాలర్లు దాటితే, వసూలైన దానిలో 10 నుంచి 30 శాతం ఇస్తుంది. సెబీ పథకం ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కే పరిమితం కాబట్టి, సత్యంలో జరిగినట్లు లెక్కలు తారుమారు చేయడాన్ని మాత్రమే బయటపెట్టినవారికి ఈ నిబంధన కింద ప్రతిఫలం రాదు. ఇది చిన్న లోపం కాదు.