తోడులేని బిడ్డ – రెండు ప్రశ్నలు

చదువవలసిన భాగము: ఎస్తేరు 2:5–11



ఎస్తేరు రాణియైన సంగతి మనకందరికిని తెలియును. రాణి కాకమునుపు ఆమె యెట్టి స్థితిలో ఉండెనో మనము అంతగా తలంచము. ఆమె చెరగొనిపోబడిన జనములోనిది. తలిదండ్రులు లేనిది. పరదేశములో రాజాజ్ఞచేత ఒక యింట ఉంచబడినది. అక్కడ ఆమెకు అన్నవస్త్రములకు కొదువలేదు. హేగే అను అధికారి ఆమెను దయతోనే చూచెను. అయినను అది తన యిష్టప్రకారము వెడలిపోవుటకు వీలైన యిల్లు కాదు.

11వ వచనమును నిదానముగా చదువుడి. ఆమెను పెంచిన మొర్దెకై దినదినము ఆ యింటి ఆవరణము ఎదుట తిరుగుచుండెను. ఎందుకనగా రెండు సంగతులు తెలిసికొనుటకు: బిడ్డ యెట్లున్నది? బిడ్డకు ఏమి కాబోవుచున్నది? నేటి పాఠమంతయు ఈ రెండు ప్రశ్నలలోనే ఉన్నది.

1. ఒంటరిగా వచ్చు పిల్లలు

హింసకు భయపడి దేశము విడిచి శరణు వేడుకొనువారిలో పెద్దల తోడులేని పిల్లలును ఉందురు. కొందరి తలిదండ్రులు చనిపోయిరి. కొందరు దారిలో తప్పిపోయిరి. మరికొందరిని, వీడొక్కడైనను బ్రతుకునను ఆశతో తల్లియే పంపివేసెను.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన రైతులు మామిడికాయలును బత్తాయిలును లారీలకెత్తి బాటసింగారము పండ్ల మార్కెట్టుకు వెళ్ళుదురు గదా. అక్కడినుండి విజయవాడ రోడ్డున పట్టణమువైపు వచ్చి, ఎల్.బి. నగర్ చేరి, అక్కడినుండి నైరుతిగా పోయినచో బాలాపూర్ వచ్చును. ఆ చుట్టుపట్ల గుడిసెలలో, మయన్మారు అనబడు బర్మాదేశమునుండి వచ్చిన రోహింగ్యాలు వేలకొలది నివసించుచున్నారు. ఆ దేశపు 1982వ సంవత్సరపు పౌరసత్వ చట్టముచేత వారు పుట్టిన నేలమీదనే పరదేశులైరి. 2012లోను, మరల 2017 ఆగష్టులోను రఖైన్ రాష్ట్రములో చెలరేగిన హింసకు తాళలేక పారిపోయిరి. 2017లో మొదలైన ఆ వలసలో ఏడు లక్షలకు మించినవారు బంగ్లాదేశ్ చేరిరి. బాలాపూర్‌లో ఉన్నవారు చిత్తు ఏరుకొనియు, కూలి చేసికొనియు పొట్టపోసికొనుచున్నారు. తలిదండ్రుల ప్రక్కన నిద్రించు పిల్లలకే అక్కడ రేపటి సంగతి తెలియదు. ఒంటరి బిడ్డ మాట చెప్పవలెనా?

2. కంచె లేని నిర్బంధము

ఒంటరి పిల్లలను ఎక్కడ ఉంచవలెనను ప్రశ్నకు ఆస్ట్రేలియా దేశము వెదకిన జవాబును చూతము. అనుమతి లేక వచ్చినవారిని నిర్బంధింపవలెనని అక్కడ 1992లో చట్టమైనది. పిల్లలును కంచెల వెనుక ఉండవలసివచ్చెను. 2005లో చట్టమును సవరించి, శిబిరమునకు బదులు ఊరిలోనే ఒక యింట ఉంచు అధికారమును మంత్రికిచ్చిరి. 2010 అక్టోబరులో, ఒంటరిగా వచ్చిన పిల్లలను పెద్ద సంఖ్యలో అట్టి యిండ్లకు మార్చుటకు ప్రభుత్వము నిశ్చయించెను. ఆఫ్గనిస్థానమునుండి వచ్చిన హజారా బాలురు వారిలో అనేకులు.

అట్టి యింట కంచె లేదు, కావలివాడు లేడు. పిల్లలను చూచుటకు ఒక పెద్ద ఉండును. బాలుడు ఉదయమున లేచి, సంచి తగిలించుకొని బడికి పోవును. సాయంకాలము బంతియాట ఆడును. ఖర్చులకు కొంచెము పైకము ఇత్తురు గాని, కూలికి పని చేయరాదు. రాత్రి ఆ యింటనే నిద్రింపవలెను. స్నేహితుని యింట ఒక్క రాత్రి గడపవలెనన్నను అనుమతి కావలెను. పొరుగువారి కంటికి అతడు విద్యార్థి. చట్టము కంటికి నిర్బంధములో ఉన్నవాడు.

బిడ్డ యెట్లున్నది? ఈ ప్రశ్నకు జవాబు మునుపటికంటె మేలుగానే ఉన్నది. కంచె చాటున పెరుగుటకంటె బడికి పోవుట వేయిరెట్లు మంచిది. కాని రెండవ ప్రశ్న అట్లే నిలిచియున్నది. కాగితములు ఎప్పుడు వచ్చునో తెలియదు. పదునెనిమిది యేండ్లు నిండిన దినమున పిల్లల లెక్కనుండి పేరు తీసివేయుదురు గనుక పుట్టినరోజే భయమగును. అంతేకాదు, 1946వ సంవత్సరపు చట్టము ప్రకారము ఒంటరిగా వచ్చిన బిడ్డకు సంరక్షకుడు ఆ శాఖ మంత్రియే. నిర్బంధమును నడుపువాడును, దేశములో ఉండనిచ్చుటయో మానుటయో నిర్ణయించువాడును ఆయనయే. తాళపుచెవి పట్టినవాడును తండ్రి స్థానమున నిలిచినవాడును ఒక్కడే యైనచో, బిడ్డ పక్షమున మాటలాడువారెవరు? ఆ దేశపు మానవహక్కుల కమీషను ఈ లోపమును పలుమారులు ఎత్తిచూపినది.

ఎస్తేరు విషయములో హేగే వేరు, మొర్దెకై వేరు. ఒకడు ఇంటిని కాచెను. మరియొకడు బిడ్డను కాచెను. బిడ్డకు ఇద్దరును కావలెను.

3. మన దేశములో

శరణార్థులనుగూర్చిన 1951వ సంవత్సరపు అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశము చేరలేదు. అయితే బాలల హక్కుల ఒడంబడికలో 1992లో చేరినది. 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము ప్రకారము, దిక్కులేక దొరకిన బిడ్డను, ప్రయాణకాలము గాక, 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి యెదుటికి తేవలెను. సమితి విచారించి బిడ్డను గృహమునకు పంపవచ్చును. దిల్‌సుఖ్‌నగర్‌కు సమీపమున, సైదాబాదులో, బాలురకు ప్రభుత్వ గృహము ఉన్నది.

ఇంతమాత్రము చాలునా? 2021 ఏప్రిలులో అస్సామునందలి సిల్చారులో జరిగిన సంగతి వినుడి. సుమారు పదునాలుగేండ్ల రోహింగ్యా బాలిక అక్కడ ఒక ఆశ్రయ గృహములో ఉండెను. ఆమె తలిదండ్రులు బంగ్లాదేశ్‌లోని శిబిరములో ఉండిరి. అధికారులు ఆమెను మయన్మారుకు పంపివేయుటకు మణిపూరులోని మోరే సరిహద్దువరకు తీసికొనిపోయిరి. పరిస్థితులు బాగులేవని ఆవలి అధికారులు చేర్చుకొననందున ఆమెను వెనుకకు తెచ్చిరి. కన్నవారు ఒక దేశములో ఉండగా బిడ్డను మరియొక దేశమునకు పంపబూనిరి! గృహము ఆమెకు అన్నము పెట్టెను. ఆమెకు ఏమి కాబోవుచున్నదో నిర్ణయించినవారు వేరు.

దేశమునకు సరిహద్దులు వలదా, ప్రభుత్వము విచారింపవలదా అని మీరడుగవచ్చును. విచారింపవలసినదే. ఆ విచారణ జరుగు దినములలో బిడ్డ చేయి పట్టుకొని నిలుచువారొకరు ఉండవలెననియే మనము చెప్పుచున్నాము. చదువు విషయములో మార్గము కొంత తెరువబడినది. రోహింగ్యా పిల్లలు ముందుగా ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశము కోరవలెననియు, త్రోసివేసినచో హైకోర్టుకు వెళ్ళవచ్చుననియు సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పినది.

4. మనము చేయగలిగినది

మన గ్రామములో, బస్టాండులో, ఇటుకబట్టీవద్ద ఒంటరి బిడ్డ కనబడినచో, భాష తెలియదని తప్పుకొనకుడి. జాలిచేత ఇంట దాచుకొనకుడి; పనికి అసలే పెట్టుకొనకుడి. 1098 నంబరుకు ఫోను చేయుడి, లేక పోలీసు ఠాణాలో తెలుపుడి. తెలిసియు తెలుపకపోవుట నేరము. ఆరు నెలల వరకు జైలు, లేక పదివేల రూపాయల జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

కాని ఫోను చేయుటతో పని ముగియదు. వారము తిరిగిన తరువాత పోయి విచారింపుడి. మరుసటి నెలలోను విచారింపుడి. మొర్దెకై ద్వారము తెరచినవాడు కాడు. తెరచు అధికారము అతనికి లేదు. అయినను ప్రతిదినము వచ్చెను. ఆ ఆవరణము వెలుపల తనకొరకు అడుగువాడొకడున్నాడని బిడ్డకు తెలియుటయే ఎంతో బలము.

సంఘములో చర్చించుటకు ప్రశ్నలు:

(1) హేగే చేసిన పనికిని మొర్దెకై చేసిన పనికిని భేదమేమి?

(2) మన గ్రామమునుండి గృహములకు గాని హాస్టళ్ళకు గాని పంపబడిన తలిదండ్రులు లేని పిల్లలెవరు? వారిని కడపట ఎవరు, ఎప్పుడు చూచివచ్చిరి?

(3) ఈ నెలలో వారియొద్దకు ఎవరు పోవుదురు?