ఈల వినిపిస్తే ఆసిలేటర్ పనిచేస్తున్నట్టే

మీడియం వేవ్ ఆసిలేటర్ కట్టాక మల్టీమీటర్ పెడితే వోల్టేజీ చూపిస్తది, అంతే. డోలనం ఉందా లేదా అన్నది దానికి తెలియదు. జనగామలో మా ఇంట్లో నేనైతే తాతయ్య పాత రేడియోనే వాడతా. దాన్ని ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' స్టేషన్, 738 కిలోహెర్ట్‌జ్ మీద పెట్టండి. కాయిల్‌కి జానెడు దూరంలో ఉంచి, సర్క్యూట్‌లోని గ్యాంగ్ కండెన్సర్ మెల్లగా తిప్పండి. వార్తల మధ్యలో కీచుమని ఈల మొదలై, బొంగురుపోయి, ఆగి, మళ్లీ కీచుమంటుంది. మన ఆసిలేటర్ 739 దగ్గరుంటే తేడా 1 కిలోహెర్ట్‌జ్. చెవికి వినపడేది ఆ తేడానే. సరిగ్గా 738కి వస్తే ఈల ఉండదు.

అనుమానముంటే బ్యాటరీ తీసేయండి, ఈల పోవాలి. (మొబైల్ ఛార్జర్ కూడా గోల చేస్తది, కానీ కండెన్సర్ తిప్పితే ఆ గోల మారదు.) అసలేం వినపడకపోతే ఫీడ్‌బ్యాక్ కాయిల్ కొసలు రెండూ తారుమారు చేసి చూడండి. యాంటెన్నా తీగ మాత్రం కట్టొద్దు, పక్కింటి రేడియోలోనూ మన ఈలే మోగుతది.