మోచేతి పట్టు: గడ్డపార సూత్రం, రెండు చరుపుల నియమం
(జూడో నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల కోసం)



ఆత్మరక్షణ కోసమనో, ఒంటికి కాస్త వ్యాయామం ఉంటుందనో పిల్లల్ని జూడోలో చేర్పిస్తున్నవారు మీలో కొందరైనా ఉంటారు. మొదట్లో దెబ్బ తగలకుండా పడడం, దొర్లడం, లేవడం నేర్పుతారు. పిల్లలు పెద్దయ్యేకొద్దీ 'జాయింట్ లాక్' అనే మాట ఇంట్లో వినిపిస్తుంది. అంటే కీళ్ల పట్టు. వెంటనే మనకు వచ్చే సందేహం ఒక్కటే: చేయి విరిగితేనో? ఆ పట్టు ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ప్రమాదం ఎక్కడుందో, దాన్ని ఆపేది ఏమిటో కూడా తెలుస్తుంది.

మోచేయి ఎందుకు లొంగుతుంది?

మోచేయి మడతబందు కీలు అని మీ పిల్లలు సైన్సు పాఠంలో చదివే ఉంటారు. తలుపులాగే అది ఒకే దారిలో తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. చేయి పూర్తిగా చాచినప్పుడు ముంజేతి ఎముక కొన పైచేతి ఎముక వెనకనున్న గుంటలో కూర్చుంటుంది. అక్కడితో కదలిక ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా బలం పడితే ఆ భారమంతా కీలును పట్టి ఉంచే లిగమెంట్ల మీద, కీలు చుట్టూ ఉండే పొర మీద పడుతుంది.

ఇక గడ్డపారను గుర్తు చేసుకోండి. పెద్ద బండను లేపాలంటే గడ్డపార కింద చిన్న రాయి పెట్టి, దూరంగా ఉన్న కొసను నొక్కుతాం. జూడోలో 'జూజీ గతమే' అనే పట్టు సరిగ్గా ఇదే పని చేస్తుంది. వెల్లకిలా పడి ఉన్న ప్రత్యర్థి చేతిని తొడల మధ్య బిగించి, మణికట్టు పట్టుకుని వెనక్కి వాలతారు. ఇక్కడ చేయే గడ్డపార, మోచేతి కింద ఉన్న తుంటే రాయి, మణికట్టే దూరపు కొస.

చిన్న లెక్క చూద్దాం. చేతిని మడిచే కండరం పెద్దవాళ్లలో మోచేతికి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలోనే ఎముకకు అతుక్కుని ఉంటుంది. మణికట్టు దాదాపు 24 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మణికట్టు దగ్గర 10 కిలోల బలంతో లాగితే, దాన్ని ఆపడానికి ఆ కండరం ఒక్కటే అయితే 60 కిలోల బలం చూపాలి. చేయి చాచి ఉన్నప్పుడు దాని పట్టు ఇంకా తగ్గుతుంది. పైగా అవతలివారు ఉపయోగించేది ఒక చేతిని కాదు. రెండు చేతులు, నడుము, కాళ్లు కలిసి ఒక్క కీలు మీద పనిచేస్తాయి. చిన్న ఒళ్లున్నవారు కూడా పెద్ద ఒళ్లున్నవారిని లొంగదీయగలగడంలో ఉన్న రహస్యం ఇదే.

మరి చేయి ఎందుకు విరగదు?

జూడోను 1882లో టోక్యోలో ప్రారంభించిన జిగోరో కానో వృత్తిరీత్యా విద్యావేత్త. ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలకు ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. పాత జుజుత్సు విద్యలోని ప్రమాదకరమైన పద్ధతులను సాధన పోరాటాల నుంచి తప్పించి, బడి పిల్లలు కూడా నేర్చుకోగలిగేలా దాన్ని మలిచారు. నేటి జూడో పోటీల్లో కీళ్ల పట్టు మోచేతి మీద మాత్రమే వేయాలి. మోకాలు, మణికట్టు, వేళ్లు, మెడ నిషిద్ధం. జపాన్‌లో మిడిల్ స్కూలు దాటేవరకు పిల్లల పోటీల్లో మోచేతి పట్టు కూడా ఉండదు.

దీనికి కారణం ఉంది. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఎముక పెరిగే మెత్తని భాగాలు ఉంటాయి. ఇవి చుట్టూ ఉన్న లిగమెంట్ల కంటే బలహీనం. పెద్దవాళ్లలో లిగమెంటు సాగిపోయే దెబ్బకు పిల్లల్లో ఎముకే దెబ్బతినవచ్చు.

వీటన్నిటికంటే ముఖ్యమైన రక్షణ చేత్తో రెండుసార్లు చరచడం. అవతలివారి ఒంటి మీద గానీ, మ్యాట్ మీద గానీ రెండు చరుపులు చరిస్తే 'ఒప్పుకున్నాను' అని అర్థం. నోటితో 'మాయిత్తా' అన్నా సరే. ఆ క్షణమే పట్టు వదలాలి. పట్టు పడ్డాక ఎముక చివరిదాకా వెళ్లకముందే ఆట ఆగాలన్నది ఈ విద్యకు పునాది.

గ్యాలరీలో కూర్చున్న మన సంగతి

1951లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో జపాన్ జూడో యోధుడు మసాహికో కిమురా, బ్రెజిల్ యోధుడు హీలియో గ్రేసీ తలపడ్డారు. కిమురా చేతిని మెలితిప్పే పట్టు వేశాడు. గ్రేసీ ఒప్పుకోలేదు. చేయి విరిగింది. అయినా చరచలేదు. చివరికి ఆటను ఆపింది బయట నిలబడిన గ్రేసీ అన్న. ఆ పట్టును ఇప్పటికీ ప్రపంచమంతా 'కిమురా' అనే పిలుస్తున్నారు. గ్రేసీ పట్టుదలను మెచ్చుకునేవారు ఉన్నారు. కానీ అతను తన నిర్ణయం తాను తీసుకోగల పెద్దవాడు. పన్నెండేళ్ల పిల్లవాడు అలా కాదు. వాడు మన ముఖం చూసి నిర్ణయించుకుంటాడు.

'వదలకు, ఓర్చుకో' అని మనం గ్యాలరీలోంచి అరిస్తే, చరచడానికి లేచిన చేయి ఆగిపోతుంది. మార్కుల్లో, ర్యాంకుల్లో వెనక్కి తగ్గవద్దని రోజూ చెప్పే మనం, మ్యాట్ మీద మాత్రం సమయానికి ఒప్పుకోవడమే తెలివి అని స్పష్టంగా చెప్పాలి. చరిచిన పిల్లవాడు ఒక్క ఆట మాత్రమే ఓడాడు. మర్నాడు మళ్లీ సాధనకు వెళ్లగలడు.

కోచ్‌ను అడగండి

• మా పాప లేదా బాబు వయసుకు మోచేతి పట్టు నేర్పుతున్నారా? ఏ వయసు నుంచి?
• పట్టు కంటే ముందు చరచడం, వెంటనే వదలడం నేర్పారా?
• పట్టును మెల్లగా బిగించాలని, కుదుపుగా లాగకూడదని నియమం ఉందా?
• బరువులో, అనుభవంలో సమానమైనవారితోనే సాధన చేయిస్తున్నారా?

ఇంట్లో గుర్తుంచుకోండి

• తమ్ముడి మీద, చెల్లి మీద 'చూపిస్తా రా' అంటూ పట్లు వేయనివ్వకండి. అవతలివారికి చరచడం తెలియదు.
• సాధన తర్వాత మోచేయి వాచినా, పూర్తిగా చాచలేకపోయినా లాగి సరిచేయకండి. నూనె మర్దనలు, నాటు కట్లు వద్దు. చేయి కదలకుండా ఉంచి, ఎముకల డాక్టరుకు చూపించండి. ఎక్స్‌రే అవసరమో కాదో వారే చెబుతారు.
• ఇంటికి రాగానే 'గెలిచావా?' అని అడిగే ముందు 'సమయానికి చరిచావా? అవతలివాళ్లు చరిచినప్పుడు వెంటనే వదిలావా?' అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ 'అవును' అని చెప్పిన బిడ్డ ఆ రోజు పాఠం బాగా నేర్చుకున్నట్టే.